ఓడని జట్టు ఎందుకు ఇంటికెళ్లింది? అమెరికా కాలేజీ ఫుట్‌బాల్, టీవీ, పక్షపాతం

2023 డిసెంబర్ 3, ఆదివారం మధ్యాహ్నం. ఫ్లోరిడా రాజధాని టల్లహాసీలో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టంతా ఒకచోట చేరి టీవీ ముందు కూర్చుంది. ఆ సీజన్‌లో ఆడినవి 13 ఆటలు, గెలిచినవీ 13. ముందు రోజు రాత్రే తమ కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమి) ఫైనల్లో లూయీవిల్‌ను 16-6తో ఓడించి వచ్చారు. జాతీయ టైటిల్ కోసం తలపడే నాలుగు జట్ల పేర్లు క్రీడా చానెల్ ఈఎస్‌పీఎన్‌లో ఒక్కొక్కటే వస్తున్నాయి. మిషిగన్, వాషింగ్టన్, టెక్సస్. నాలుగో పేరు అలబామా. సెప్టెంబర్‌లో సొంత మైదానంలోనే టెక్సస్ చేతిలో 34-24తో ఓడిన అలబామా. ఫ్లోరిడా స్టేట్‌కు దక్కింది ఐదో స్థానం. గదిలో ఎవరి నోటా మాట లేదు. కొందరు కుర్రాళ్లు లేచి బయటికి వెళ్లిపోయారు.

నాలుగు జట్ల ప్లేఆఫ్ 2014లో మొదలైంది. ఐదు పెద్ద కాన్ఫరెన్సుల్లో ఒకదాన్ని గెలిచి, ఒక్క ఆటా ఓడకుండా ఉన్న జట్టును బయట కూర్చోబెట్టడం అదే మొదటిసారి. ఫ్లోరిడా అటార్నీ జనరల్ విచారణ మొదలుపెట్టారు. గవర్నర్ అయితే కోర్టు ఖర్చుల కోసమని బడ్జెట్ ప్రతిపాదనలో పది లక్షల డాలర్లు చూపించారు. ఓ ఆట కోసం ఇంతా అనుకునేవాళ్లు, మిషిగన్ స్టేడియంలో ఒక శనివారం లక్షా ఏడు వేల మంది కూర్చుంటారన్న సంగతి గుర్తుంచుకోవాలి. అది కాలేజీ కుర్రాళ్ల ఆటే.

అభిమానులు మాత్రం విచారణ దాకా ఆగలేదు. ఇది ఈఎస్‌పీఎన్ పనే అని ఆ సాయంత్రానికే తేల్చేశారు. అలబామా ఉండేది సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో, అంటే ఎస్‌ఈసీలో. 2024 నుంచి ఎస్‌ఈసీ ఆటలన్నీ ఆ ఒక్క చానెల్ చేతికే రాబోతున్నాయి. ప్లేఆఫ్ ప్రసారమూ వాళ్లదే. తమ సరుకును తామే పొగిడి, తామే పీట వేసి కూర్చోబెట్టుకున్నారన్నది ఆరోపణ. ఫ్లోరిడా స్టేట్‌లో ఎంఎస్ చేసి ఇప్పుడు టాంపాలో ఉంటున్న మా బావమరిది ఆ రోజు ఫోన్ చేసి, "బావా, వీళ్లు ఆట చూపిస్తున్నారా, అమ్ముతున్నారా?" అన్నాడు.

రెండూ చేస్తున్నారు. చిక్కంతా అక్కడే ఉంది. అయితే వాడనుకున్నట్టు ఎవరో నలుగురు తలుపులు మూసుకుని కుట్ర చేశారంటే నేను నమ్మను. కుట్ర అవసరం లేకుండానే పని జరిగిపోయేలా ఉంది అక్కడి ఏర్పాటు.

మొదట ఆట నిర్మాణం చూడాలి. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నవి 32 జట్లు. ఎవరెన్ని గెలిచారో లెక్కపెడితే ఎవరు ముందుకెళ్లాలో తేలిపోతుంది. వ్యాఖ్యాత ఎవరిని ఎంత ఆకాశానికెత్తినా పట్టికలో ఒక్క అంకె కదలదు. కాలేజీ ఆటలో పై స్థాయిలోనే 130కి పైగా జట్లున్నాయి. ఒక్కొక్కరూ ఆడేది 12 ఆటలు, అవీ ఎక్కువగా తమ కాన్ఫరెన్స్‌లోని వాళ్లతోనే. పడమటి తీరంలోని ఒక మంచి జట్టూ, దక్షిణాదిలోని ఒక మంచి జట్టూ ఏళ్ల తరబడి ఎదురుపడకుండానే గడిచిపోవచ్చు. అందరూ అందరితో ఆడనప్పుడు ఎవరు గొప్పో చెప్పాల్సింది మనుషులే. 1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ వారం వారం విలేకరుల ఓట్లతో ర్యాంకులు ఇస్తోంది. 1998లో ఓట్లనూ కంప్యూటర్ లెక్కలనూ కలిపి బీసీఎస్ అని ఒక పద్ధతి తెచ్చారు. 2014 నుంచి 13 మంది సభ్యుల కమిటీ. ఈ కమిటీ కూర్చునేది డాలస్ విమానాశ్రయం పక్కన గ్రేప్‌వైన్‌లోని ఒక హోటల్లో. కొప్పెల్, ఇర్వింగ్‌లలో ఉండే మనవాళ్లకు పక్క ఊరే. పద్ధతి ఎన్నిసార్లు మార్చినా, మైదానంలో గెలిచినదాన్ని గదిలో కూర్చున్నవాళ్లు ఒప్పుకుంటేనే లెక్కలోకి వస్తుంది. ఆ ఒప్పుకోలు ఎక్కణ్నుంచి వస్తుంది? ఆ మనుషులు ఏ ఆటలు చూశారు, ఎవరి నోట ఏం విన్నారు అన్నదాన్నుంచి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఊసుపోని కబుర్లుగా మిగిలిపోయే టీవీ మాటలకు ఇక్కడ ఇంత బరువు రావడానికి కారణం ఇదే.

హక్కులు ఎవరివి

ఒకప్పుడు ఈ టీవీ వ్యవహారమంతా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ గుప్పిట్లో ఉండేది. ఇంట్లో కూర్చుని చూడగలిగితే స్టేడియానికి జనం రారన్న భయంతో 1950ల తొలినాళ్ల నుంచి ప్రసారాలకు పరిమితి పెట్టింది. 1980ల ఆరంభానికి వచ్చిన నిబంధన ప్రకారం ఏ జట్టూ రెండేళ్లలో ఆరుసార్లకు మించి టీవీలో కనిపించకూడదు. డబ్బు పంపకం ఇంకా విచిత్రం. 1981లో ఒక వారాంతంలో ఓక్లహోమా, సదరన్ కాలిఫోర్నియా జట్ల పెద్ద ఆటను 200కు పైగా స్టేషన్లు చూపించాయి. అదే వారాంతంలో సిటడెల్, అపలాచియన్ స్టేట్ ఆడిన చిన్న ఆట నాలుగంటే నాలుగు స్టేషన్లలో వచ్చింది. నాలుగు జట్లకూ ముట్టింది ఒకే మొత్తం.

పెద్ద కాలేజీలకు ఇది మింగుడుపడలేదు. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కాయి. 1984లో సుప్రీం కోర్టు 7-2 తేడాతో ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యాన్ని కొట్టేసింది. వ్యతిరేకించిన ఇద్దరిలో ఒకరు జస్టిస్ బైరన్ వైట్. కుర్రతనంలో కొలరాడో జట్టుకు ఆడి దేశమంతా పేరు తెచ్చుకున్న ఆటగాడాయన. మార్కెట్‌కు వదిలేస్తే ఈ ఆట చదువుల ఛాయల్లోంచి బయటపడుతుందన్నది ఆయన బెంగ. చట్టం మాటెలా ఉన్నా, ఆట విషయంలో ఆయన బెంగే నిజమైందని నా నమ్మకం.

ఆ తర్వాత ఎవరి దుకాణం వాళ్లు తెరిచారు. 1991 నుంచి నోటర్‌డామ్ యూనివర్సిటీ సొంత మైదానం ఆటలు ఎన్‌బీసీ చానెల్‌వి. 2007లో ఫాక్స్ భాగస్వామిగా బిగ్ టెన్ కాన్ఫరెన్స్ సొంత చానెల్ పెట్టుకుంది. 2011లో ఈఎస్‌పీఎన్ 20 ఏళ్లకు 30 కోట్ల డాలర్లు ఇస్తానని టెక్సస్ యూనివర్సిటీ ఒక్కదాని కోసమే ఒక చానెల్ నడిపింది. 2014లో ఎస్‌ఈసీ నెట్‌వర్క్, 2019లో ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్) నెట్‌వర్క్ వచ్చాయి. రెండూ ఈఎస్‌పీఎన్‌వే. ఎస్‌ఈసీలో వారం వారం వచ్చే అసలైన పెద్ద ఆట కోసం సీబీఎస్ ఏడాదికి ఐదున్నర కోట్ల డాలర్లు కడుతుండేది. 2024 నుంచి దానికి ఈఎస్‌పీఎన్ ఒప్పుకున్నది ఏడాదికి దాదాపు 30 కోట్లు. బిగ్ టెన్ తన ఆటలను ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలకు ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైగా అమ్ముకుంది. ప్లేఆఫ్ మొత్తాన్ని మరో ఆరేళ్లకు 780 కోట్లు పోసి ఈఎస్‌పీఎన్ మళ్లీ దక్కించుకుంది.

ఇంత డబ్బు పెట్టినవాడు ఆ ఆట గురించి ఎలా మాట్లాడతాడు? శాటిలైట్ హక్కులు కొన్న చానెల్లో ఆ సినిమా దర్శకుడి ఇంటర్వ్యూ ఎలా సాగుతుందో మనకు తెలియంది కాదు. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పరు. ఇబ్బంది పెట్టే ప్రశ్న అడగరు, అంతే. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇంకో మెట్టు పైకి వెళ్లారు. నవంబర్ వచ్చిందంటే ప్రతి మంగళవారం రాత్రి కమిటీ ర్యాంకులు ప్రకటించే కార్యక్రమమూ ఈఎస్‌పీఎన్‌దే. ఆ ర్యాంకులను విశ్లేషించేదీ వాళ్లే, కమిటీ చైర్మన్‌ను ప్రశ్నించేదీ వాళ్లే, ఎంపికైన జట్ల ఆటలు చూపించేదీ వాళ్లే. ఇందులో నిష్పక్షపాతంగా ఉన్నామని ఎంత మొత్తుకున్నా వినేవాడికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

ఇక్కడిదాకా మా బావమరిది వాదన దివ్యంగా నడుస్తుంది. ఈ తర్వాతే కుంటుతుంది. ఫ్లోరిడా స్టేట్ ఉన్న ఏసీసీ హక్కులు కూడా 2036 దాకా ఈఎస్‌పీఎన్‌వే మరి! ఎవరు లోపలికెళ్లినా, ఎవరు బయటున్నా అది వాళ్ల ఇంటి సరుకే. చానెల్ నుంచి కమిటీకి ఫోన్ వెళ్లిందనడానికి ఆధారం ఇప్పటిదాకా ఎవరూ బయటపెట్టలేదు. అలబామా ఆడితే ఎక్కువ మంది చూస్తారన్నది నిజమే కావచ్చు. కానీ కారణం ఉన్నంతమాత్రాన నేరం రుజువైపోదు.

కమిటీ చెప్పుకున్న కారణం వేరు. నవంబర్ 18న నార్త్ అలబామాతో ఆడుతుండగా ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. జట్టును నడిపించేది అతనే. అతను లేకుండా ఆ జట్టు మునుపటిది కాదు పొమ్మన్నారు. కమిటీ నిబంధనల్లో నిజంగానే ఆ వాక్యం ఉంది: ముఖ్య ఆటగాళ్లు అందుబాటులో లేకపోవడాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని. ట్రావిస్ లేకుండా ఫ్లోరిడా మీదా, మూడో క్వార్టర్‌బ్యాక్‌తో లూయీవిల్ మీదా గెలిచారు కదా అంటే, గెలిచిన తీరు చూడమన్నారు. నా కాలు సీజన్ మొదట్లోనే విరిగి ఉంటే బాగుండేది, ఈ జట్టంటే నేనొక్కణ్నే కాదని అందరికీ తెలిసేది అన్న అర్థంలో ట్రావిస్ ఆ రోజు ఒక మాట రాశాడు. ఆ ఎంపిక గురించి వచ్చిన విశ్లేషణలన్నీ పక్కన పెట్టి ఆ ఒక్క మాట చదివితే చాలు.

ఇప్పుడు 2014కు వెళ్దాం. ఒహాయో స్టేట్ మొదటి క్వార్టర్‌బ్యాక్ సీజన్‌కు ముందే గాయపడ్డాడు. రెండోవాడు మిషిగన్‌తో చివరి ఆటలో గాయపడ్డాడు. మూడోవాడు కార్డేల్ జోన్స్ వచ్చి కాన్ఫరెన్స్ ఫైనల్లో విస్కాన్సిన్‌ను 59-0తో చితక్కొట్టాడు. అదే వారం మూడో స్థానంలో ఉన్న టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) తన ఆటను 55-3తో గెలిచి కూడా ఆరుకు జారిపోయింది. నాలుగో చోటు ఒహాయో స్టేట్‌కు దక్కింది. ఆ మూడో క్వార్టర్‌బ్యాక్‌తోనే వాళ్లు అలబామానూ, తర్వాత ఒరెగాన్‌నూ ఓడించి టైటిల్ కొట్టారు. అంటే క్వార్టర్‌బ్యాక్ గాయం ఒకరికి అడ్డు కాలేదు, ఇంకొకరికి అదే అడ్డు. రెండు సందర్భాల్లోనూ నిబంధన అదే. స్కోర్లలో తేడా ఉన్న మాట నిజమే, 59-0 ఎక్కడ, 16-6 ఎక్కడ. కానీ గెలుపు ఎంత అందంగా ఉంటే అంత విలువ అన్న రూలు ఎక్కడా లేదు. ఎవరు అత్యుత్తమం, ఎవరు అర్హులు అనే రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకే గదిలో కలగాపులగం చేసి, ఏ ఏటికి ఆ ఏడు ఏది కావాలంటే దానికి జవాబు చెప్పుకునే వెసులుబాటు ఉంది. పక్షపాతం దూరేది ఆ సందులోనే.

డిసెంబర్ 30న, సీజన్ చివర జరిగే బౌల్ ఆటల్లో ఒకటైన ఆరెంజ్ బౌల్‌లో జార్జియా 63-3తో ఫ్లోరిడా స్టేట్‌ను తుక్కు చేసింది. చూశారా, మేం ముందే చెప్పాం అని స్టూడియోల్లో కొందరు తలలూపారు. ఆ రోజు ఫ్లోరిడా స్టేట్ వైపు పాతిక మందికి పైగా ఆటగాళ్లు బరిలో దిగనే లేదు. ప్రొఫెషనల్ లీగ్‌కు వెళ్లేవాళ్లు, జట్టు మారేవాళ్లు, ఈ ఆటకు అర్థమేముందని మానుకున్నవాళ్లు. ముందు బయటికి నెట్టి, నెట్టినందుకు కుప్పకూలిన జట్టును చూపించి నెట్టడమే సరైందనడం వాదన అనిపించుకోదు.

తాను పట్టిన కుందేలు

నన్నడిగితే అసలు పక్షపాతం డిసెంబర్‌లో కాదు, ఆగస్టులోనే పుడుతుంది. ఒక్క ఆటా మొదలవకముందే అసోసియేటెడ్ ప్రెస్ 25 జట్ల జాబితా వస్తుంది. పోయిన ఏడు ఎలా ఆడారు, పేరు ఎంత పెద్దది అన్నవే దానికి ఆధారం. ఎంత తప్పు కావచ్చో చెప్పడానికి మళ్లీ ఫ్లోరిడా స్టేట్‌నే చూడొచ్చు: 2024 ఆగస్టులో దానికిచ్చిన ర్యాంకు 10. సీజన్ ముగిసేసరికి గెలిచినవి రెండు, ఓడినవి పది. అయితే ఒకసారి ర్యాంకు ఇచ్చాక, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, దాన్ని వదులుకోవడానికి ఓటరుకు మనసొప్పదు. పైనున్నవాడు ఓడితే తప్ప కింద ఉన్నవాడు పైకి రాడు.

దీనికి బలైన వాళ్లలో అందరికన్నా గుర్తుండిపోయేది 2004 ఆబర్న్. ఆగస్టులో సదరన్ కాలిఫోర్నియా 1, ఓక్లహోమా 2, ఆబర్న్ 17. ముగ్గురూ ఒక్క ఆటా ఓడలేదు. కాబట్టి టైటిల్ ఆటకు మొదటి ఇద్దరే వెళ్లారు. అక్కడ ఓక్లహోమా 55-19తో మట్టికరిచింది. ఆబర్న్ 13 గెలిచి, ఒక్కటీ ఓడకుండా (13-0) సీజన్ ముగించి ఇంట్లో కూర్చుంది. ఆబర్న్ ఎస్‌ఈసీ జట్టు! ఎస్‌ఈసీకే ఎప్పుడూ మొగ్గు అనేవాళ్లు ఈ కథ చెప్పరు. ఆ గొడవ తర్వాత అసోసియేటెడ్ ప్రెస్ తన ర్యాంకులను బీసీఎస్ లెక్కల్లో వాడొద్దని తప్పుకుంది. వార్త రాసేవాడే ఫలితాన్ని నిర్ణయించకూడదని ఒక వార్తాసంస్థకు అప్పుడైనా తట్టినందుకు మెచ్చుకోవాలి.

ఎస్‌ఈసీ దశ మారింది ఆ తర్వాతే. 2006 నుంచి 2022 దాకా 17 టైటిళ్లలో 13 ఆ కాన్ఫరెన్స్ జట్లవే. అందులో ఏడు వరుసగా. ఇది టీవీ కల్పించింది కాదు, కష్టపడి సంపాదించుకున్న పేరు. కానీ పేరు ఉన్నవాడికి లెక్క ఎలా మారుతుందో చూడండి. ఆగస్టు జాబితాలో ఒక కాన్ఫరెన్స్‌వే ఆరేడు జట్లు ఉన్నాయనుకోండి. అవి ఒకదానితో ఒకటి ఆడతాయి. గెలిచినవాడికి గొప్ప జట్టును ఓడించిన ఘనత. ఓడినవాడికి గొప్ప జట్టు చేతిలోనే కదా ఓడిందన్న సానుభూతి. వ్యాఖ్యాతలు దానికి 'క్వాలిటీ లాస్' అని పేరు కూడా పెట్టారు, అంటే గౌరవప్రదమైన ఓటమి. మొదటి అంచనా సరైందేనా అని అడిగే సందర్భమే రాదు, ఎందుకంటే అందరికీ రుజువు పక్కవాడే.

దీనికి తోడు ఎస్‌ఈసీ చాలాకాలం కాన్ఫరెన్స్‌లో ఎనిమిది ఆటలే ఆడింది. బిగ్ టెన్‌లో తొమ్మిది. వినడానికి చిన్న తేడా. 16 జట్లున్న కాన్ఫరెన్స్‌లో అందరూ ఒక్కో ఆట ఎక్కువ ఆడితే ఎనిమిది ఆటలు పెరుగుతాయి, అంటే ఎనిమిది ఓటములు ఎవరో ఒకరి ఖాతాలో తప్పనిసరిగా పడతాయి. ఆ ఆట బదులు నవంబర్‌లో ఓ చిన్న కాలేజీని పిలిచి ఓడించి పంపితే ఆ ఎనిమిదీ మాయం. ఈ కూడికను శనివారం ప్రసారాల్లో వివరించినవాళ్లు తక్కువ. 2026 నుంచి తామూ తొమ్మిది ఆడతామని ఎస్‌ఈసీ చివరికి ఒప్పుకుంది.

2011లో ఈ పేరు మహిమ పరాకాష్ఠకు చేరింది. ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 9-6తో అలబామాను ఓడించింది. రెండూ ఎస్‌ఈసీయే. మరోపక్క ఓక్లహోమా స్టేట్ 11-1తో తన కాన్ఫరెన్స్ గెలిచింది. టైటిల్ ఆటకు మాత్రం ఎల్‌ఎస్‌యూ, అలబామాలనే మళ్లీ పంపారు. ఈసారి అలబామా 21-0తో గెలిచింది. వాళ్లే గొప్ప అని తేలింది కదా అంటారు. ఆడనివ్వని ఓక్లహోమా స్టేట్ ఏం చేసి ఉండేదో మాత్రం ఎప్పటికీ తేలదు.

చూడని ఆటకు ఓటెలా వేస్తారు

పక్షపాతం అంటే ఎవరో ఎవరి మీదో కక్షగట్టడమే అనుకుంటాం. ఒక్కోసారి అది వట్టి నిద్ర. పడమటి తీరం ఆటలు చాలాసార్లు తూర్పు తీరంలో రాత్రి పదిన్నరకు మొదలవుతాయి. హైదరాబాద్‌లో అప్పటికి ఆదివారం ఉదయం ఎనిమిది, ఇడ్లీ తింటూ చూడొచ్చు. న్యూయార్క్ విలేకరి మాత్రం మూడున్నర గంటల ఆట పూర్తయ్యేదాకా మేలుకోవాలంటే రెండవుతుంది. 2015లో స్టాన్‌ఫర్డ్ ఆటగాడు క్రిస్టియన్ మెకాఫ్రీ ఒక సీజన్‌లో అన్ని రకాలుగా సాధించిన గజాల్లో బ్యారీ శాండర్స్ 1988లో నెలకొల్పిన 3,250 రికార్డును దాటాడు. ఆ ఏటి ఉత్తమ ఆటగాడి హైస్‌మన్ ట్రోఫీ అలబామా ఆటగాడు డెరిక్ హెన్రీకి వెళ్లింది. హెన్రీ ఆ ఏడు ఎస్‌ఈసీ రన్నింగ్ రికార్డు బద్దలు కొట్టాడు, తక్కువవాడేం కాదు. కానీ అవార్డు ఇచ్చేశాక రోజ్ బౌల్ సాయంత్రం మెకాఫ్రీ తొలి బంతికే 75 గజాలు పరిగెత్తి, ఆటంతా కలిపి 368 గజాలు సాధించినప్పుడు, ఈ కుర్రాణ్ని మనం ఇన్నాళ్లూ చూడలేదేమిటని చాలామంది ముక్కున వేలేసుకున్నారు. మెలకువగా ఉండే వేళకు వచ్చిన ఆట కాబట్టి అప్పుడు చూశారు.

ఆ రాత్రి పదిన్నర వేళను నిర్ణయించింది టీవీయే. ఆ వేళకు ఆడినందువల్ల పడమటి జట్లకు గుర్తింపు తగ్గింది, గుర్తింపు తగ్గితే తర్వాతి ఒప్పందంలో ధర తగ్గింది. పాక్-12 అనే ఆ కాన్ఫరెన్స్ 2022, 2023లలో ముక్కలైపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి, సొంత నాయకత్వం చేసిన తప్పులూ ఉన్నాయి. సరైన టీవీ ఒప్పందం కుదరకపోవడం వాటిలో మొదటి వరుసలో ఉంటుంది.

అభిమాని కళ్లకూ అద్దాలుంటాయని ఇక్కడే చెప్పాలి. 1951లో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ జట్లు మొరటుగా తలపడ్డాయి. ప్రిన్స్‌టన్ స్టార్ డిక్ కజ్‌మయర్‌కు ముక్కు పగిలింది, డార్ట్‌మత్ ఆటగాడొకరికి కాలు విరిగింది. తర్వాత ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు రెండు కాలేజీల విద్యార్థులకూ అదే ఆట ఫిల్మ్ వేసి చూపించి, నిబంధనల ఉల్లంఘనలు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ చేసిన తప్పులు డార్ట్‌మత్ కుర్రాళ్లకు సగటున 4.3 కనిపించాయి, ప్రిన్స్‌టన్ కుర్రాళ్లకు 9.8. వ్యాఖ్యాత లేడు, చానెల్ లేదు, ఒప్పందాలు లేవు. ఉత్త ఫిల్మ్.

మా బావమరిది ఇప్పుడు టీవీ సౌండ్ తీసేసి, ఫ్లోరిడా స్టేట్ సొంత రేడియో వ్యాఖ్యానం పెట్టుకుని ఆట చూస్తాడు. రేడియో ఒకటి రెండు సెకన్లు ముందో వెనకో వస్తుంది. పాస్ గాల్లో ఉండగానే అది చేతిలో పడిందని రేడియో కేకలు పెడుతుంది, వాడూ కేక పెడతాడు. ఆ వ్యాఖ్యాతలు జట్టును 'మనవాళ్లు' అనే అంటారు. అదీ పక్షపాతమే కదా అంటే, "అది మన పక్షపాతం బావా" అంటాడు.

పన్నెండు జట్లకు ప్లేఆఫ్ పెంచితే ఈ గొడవలు సద్దుమణుగుతాయన్నారు. 2024లో పెంచారు. గొడవ నాలుగో చోటు నుంచి పన్నెండో చోటుకు మారింది. 2025లో మయామి, నోటర్‌డామ్‌ల మీద జరిగిన రభస ఈ మొత్తం వ్యవహారాన్ని విప్పి చూపింది. సీజన్ మొదటి వారంలోనే మయామి 27-24తో నోటర్‌డామ్‌ను ఓడించింది. అయినా వారాల తరబడి మంగళవారం ర్యాంకుల్లో నోటర్‌డామే పైన. చివరి వారాంతంలో ఇద్దరూ ఆడలేదు. ఆడకుండానే స్థానాలు తారుమారయ్యాయి; మయామి లోపలికి, నోటర్‌డామ్ బయటికి. ఆ రోజుల్లో ఏసీసీ నెట్‌వర్క్ మయామి గెలిచిన ఆ పాత ఆటను పదే పదే ప్రసారం చేసింది. నోటర్‌డామ్ క్రీడా విభాగం అధిపతి పీట్ బెవాక్వా బహిరంగంగా మండిపడ్డారు, జట్టు మరే బౌల్ ఆటా ఆడనని చెప్పేసింది. ఆయన అంతకుముందు ఎన్‌బీసీ స్పోర్ట్స్ చైర్మన్. మూడు దశాబ్దాలుగా ఒక జాతీయ చానెల్ అండ ఉన్న కాలేజీ, ఆ చానెల్ క్రీడా విభాగాన్నే నడిపిన మనిషి, ఏసీసీ, దాని చానెల్ మా మీద కత్తిగట్టాయని వాపోవడం చూస్తే నవ్వాలో జాలిపడాలో తెలియదు. కానీ ఆయన ఫిర్యాదులో పస ఉంది. చానెల్ అక్కడ అబద్ధం ఏదీ చెప్పలేదు. ఒక నిజమైన ఆటను, కమిటీ కూర్చునే వారంలో, మళ్లీ మళ్లీ చూపించింది.

మయామి ఆ చోటును వృథా చేయలేదు, ఫైనల్ దాకా వెళ్లింది. అక్కడ గెలిచింది ఇండియానా. కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో ఓటముల లెక్కలో అందరికన్నా ముందు వరుసలో నిలిచిన ఇండియానా! 2024లో 11-1తో వచ్చి నోటర్‌డామ్ చేతిలో ఓడినప్పుడు, వీళ్లను ఎవరు రానిచ్చారు, వీళ్లు ఎవరితో ఆడారని స్టూడియోల్లో ఎద్దేవా చేశారు. మరుసటి ఏడు అదే జట్టు రోజ్ బౌల్‌లో అలబామాను 38-3తో ఓడించి, ఒక్క ఓటమీ లేకుండా టైటిల్ ఎత్తుకెళ్లింది.

వాదనల సంగతి అలా ఉండగా, డబ్బు తన దారిన తాను పోతోంది. 2026 నుంచి ప్లేఆఫ్ ఆదాయంలో ఎస్‌ఈసీకీ బిగ్ టెన్‌కూ చెరో 29 శాతం దాకా, ఏసీసీకి 17, బిగ్ 12కు 15 శాతం వెళ్లేలా ఒప్పందం రాసుకున్నారు. ఏ ఏడు ఎవరు గెలిచినా ఈ మూలవాటాలు అంతే. ఇక ఫ్లోరిడా స్టేట్ 2023 డిసెంబర్‌లోనే ఏసీసీ మీద దావా వేసింది, తనకు దక్కుతున్నది చాలట్లేదని. 2025 మార్చిలో రాజీ కుదిరింది. దాని ప్రకారం కాన్ఫరెన్స్ టీవీ ఆదాయంలో పెద్ద భాగాన్ని, 60 శాతాన్ని, ఏ జట్టు ఆటను ఎంతమంది చూశారన్న లెక్క మీద పంచుతారు. పట్టుబట్టి ఈ లెక్క రాయించుకున్నది ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్‌లే. ఏ శనివారం ఎవరి ఆట మధ్యాహ్నం పన్నెండుకు రావాలి, ఎవరిది రాత్రి ఏడున్నరకు, ఏది పెద్ద చానెల్లో, ఏది ఇంటర్నెట్‌లో మాత్రమే అన్నది ఇప్పటికీ ఈఎస్‌పీఎన్ చేతిలోనే ఉంది. చాలా ఆటలకు ఆ సంగతి తెలిసేది పన్నెండు రోజుల ముందు, కొన్నింటికి ఆరు రోజుల ముందు.